పద్నాలుగు కంప్యూటర్లు, ఒక గొంతు

వినే గ్రంథాలయం, కింది గది
జూన్ 4

బాబాయ్‌కి నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫోన్‌లో నా మాట సగంలో ఆగితే అవతలివాళ్ళు లైన్ పోయిందనుకుని పెట్టేస్తారు. మీరు పెట్టేయరు, తెలుసు. ఆగిన మాటని మీరు అందిస్తారు. నాకు అది ఇంకా కష్టం.

విషయం ఇది. మా గ్రంథాలయంలో చూపులేని పాఠకుల కోసం పద్నాలుగు కంప్యూటర్లున్నాయి. తెర మీద ఏముందో అవి చదివి వినిపిస్తాయి. వాటిని నడిపే పాత సిస్టమ్‌కి డిసెంబరు తర్వాత మరమ్మతులు ఉండవట. అందుకని లినక్స్ వేద్దామన్నారు పెద్ద మేడమ్. "ఏ లినక్సో నువ్వే తేల్చమ్మా. నీకు నోరు లేదు కాబట్టి ఎవరితోనూ గొడవ రాదు" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకుంటున్నాను.

మీకు తెలియనిది కాదు, రాస్తే నాకు తేటపడుతుందని రాస్తున్నాను. లినక్స్ ఎవరి సొత్తూ కాదు. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు దాన్ని కట్టి, ఊరికే పంచిపెడతారు. అలా వందల వెర్షన్లున్నాయి. మా పనికి వచ్చేవి మూడు తేలాయి. ఒకదానికి నేను 'పెద్దది' అని పేరు పెట్టుకున్నాను. వెనక చాలామంది ఉన్నారు, పదేళ్ళ వరకు మరమ్మతులు చేస్తామంటున్నారు. కానీ దాని తెలుగు రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. రెండోది రోజుకో మార్పు తెచ్చుకుంటుంది. నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయదు. మూడోది మీరు కట్టిన గలగల. దాన్ని కూడా చూడమని పాఠకుల సంఘం వాళ్ళు పేరు ఇచ్చారు. నేను ఇవ్వలేదు.

మూడింటినీ వాడి చూసి సెప్టెంబరు ముప్ఫైలోగా నివేదిక ఇవ్వాలి. బంధుత్వం చూడను. ఒక్క ప్రశ్న: మీకు జ్వరం వస్తే గలగలని ఎవరు చూసుకుంటారు?

మీ అన్నయ్య కూతురు


మేడ మీద గది
జూన్ 11

మా మాటలమూటకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మెట్లు రెండేసి చొప్పున దిగాను. "ఏమైంది, ఇల్లంటుకుందా?" అంది మీ పిన్ని. "కాదే, మన గలగలని ఒక లైబ్రరీ అడిగింది" అన్నాను. "ఊరికే ఇస్తున్నానని చెప్పేశావా? చెబితే ఇక విలువేముంటుంది" అంది. దానిది నోరు కాదే, కత్తిపీట.

జ్వరం సంగతి అడిగావు. నీ దగ్గర దాపరికమెందుకు? ఒకప్పుడు ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకడికి పెళ్ళయింది, ఇంకొకడికి బుద్ధొచ్చింది. నేను మిగిలాను. పదమూడేళ్ళలో జ్వరాలు రాకపోలేదు, మరమ్మతు మాత్రం ఒక్క రోజు ఆగలేదు.

ఇంకో సంగతి. గలగలని జనం దింపుకోవడానికి ఒక కాలేజీ వాళ్ళు తమ కంప్యూటర్లో కాస్త చోటిచ్చారు. ఇప్పుడు వాళ్ళకే చోటు చాలడం లేదట. ఏదో ఒక సంస్థ దీన్ని వాడుతున్నట్టు కాగితం చూపించకపోతే జనవరిలో తీసి అవతల పెడతామన్నారు. అప్పుడిక ఈ గదిలో నేనూ గలగలా మిగులుతాం, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. అరవై మూడేళ్ళ వయసులో నాకు ఇంకో పని చేతకాదు కూడా.

బంధుత్వం చూడొద్దు, సరే. కానీ గలగల మాట్లాడే గొంతు ఎవరిది? కాన్వెంటు సెలవులకి మా ఇంటికొచ్చిన పన్నెండేళ్ళ పిల్లది. రెండు వేసవులు, పదకొండు వేల మాటలు! నత్తి ఉన్నచోటల్లా కత్తిరించి, ముక్కకి ముక్క అతికించి, నీకు రాని మాటల్ని నీ గొంతుతోనే పలికించాను. మీ నాన్న విని "ఇది మా అమ్మాయేనట్రా?" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు తన గొంతుని తానే పరీక్షకి కూర్చోబెట్టింది. మార్కులు చూసి వెయ్యవే తల్లీ.

నీ బాబాయ్


వినే గ్రంథాలయం, కింది గది
జూలై 16

బాబాయ్‌కి నమస్కారాలు.

ఆరు కంప్యూటర్లలో రెండేసి చొప్పున మూడు వెర్షన్లూ వేశాను. ముప్ఫై ఏడుగురు పాఠకులు వాడి చూస్తున్నారు.

గలగల మీట నొక్కిన మూడో సెకనుకి మాట్లాడుతుంది. పెద్దది పాస్‌వర్డ్ కొట్టాకే నోరు తెరుస్తుంది. అది ఎక్కడ కొట్టాలో మాత్రం చెప్పదు, చూపున్నవాళ్ళెవరో వచ్చి కొట్టి వెళ్ళాలి. గలగలని మూడు రెట్ల వేగంతో పెట్టినా ప్రతి మాటా అర్థమవుతోందని రిటైర్డ్ లెక్కల మాస్టారు చెప్పారు. ఆయన రోజూ వస్తారు. ఒక్క పూటలో ఒక పుస్తకం వినేస్తారు. పెద్దది వేగం పెంచితే ఆయన తల పట్టుకున్నారు.

వాళ్ళు గలగలని 'పాప' అంటారు. లోపలికి వస్తూనే "పాప ఖాళీగా ఉందా?" అని అడుగుతారు. ఆ రెండు కంప్యూటర్ల ముందు వరుస ఉంటుంది, మిగతా నాలుగూ ఖాళీ.

నిన్న పాఠకుల్లో ఒకడు, రేడియో మెకానిక్, నా కౌంటర్ దగ్గరికి వచ్చి ఒక పుస్తకం ఉందా అన్నాడు. నా మాట ఆగింది. "నువ్వు కూర్చో అమ్మా, పాపని అడుక్కుంటాంలే. నీది పూర్తయ్యేలోపు అది పుస్తకమంతా చదివేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. అతను చెడ్డవాడు కాదు. నేనూ నవ్వుతున్నాననుకున్నాడు.

ఆ గొంతు నాదని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మీరు కూడా చెప్పకండి.

పదకొండు వేల మాటల్ని గుర్తుచేశారు. నాకు గుర్తున్నవి రాస్తాను. బట్టల బీరువా. లోపల వేలాడదీసిన దుప్పట్లు. ఒక స్టూలు, ఒక మైకు. వీధి చప్పుడు రాకూడదని బయటి నుంచి గడియ. పది మాటలు తప్పు లేకుండా చెబితే తలుపు సందులోంచి ఒక బిస్కెట్. ఒక్కటి తడబడితే పదీ మొదటి నుంచి. రెండో వేసవికి నా నత్తి తగ్గిందని మీరు అందరితో అన్నారు. తగ్గింది నత్తి కాదు. నేను మాట్లాడడం తగ్గించాను.

తడబడిన ముక్కలు చాలా ఉండాలి. వాటిని ఏం చేశారు?

మీ అన్నయ్య కూతురు


మేడ మీద గది
జూలై 24

మాటలమూటకి,

నీ ఉత్తరం మీ పిన్ని చదివింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పని బాగా సాగింది.

అబ్బ, ఏం జ్ఞాపకశక్తే నీది! బిస్కెట్లు కూడా గుర్తున్నాయన్నమాట. గడియ వేయకపోతే నువ్వు పారిపోయేదానివి. పారిపోయి ఉంటే ఇవాళ మీ మాస్టారికి పాప ఎక్కణ్ణుంచి వచ్చేది? ఆ వరుసలో నిలబడ్డవాళ్ళని అడుగు, గడియ వేసినందుకు నాకు దండం పెడతారు.

తడబడిన ముక్కలా? ఎప్పుడో చెత్తబుట్టలో పారేశాను. చెత్త దాచుకునేవాడిలా కనపడుతున్నానా?

ముప్ఫై ఏడుగురికి వరుస కట్టించిందంటే ఫలితం తెలిసిపోయినట్టే. కాలేజీ వాళ్ళకి 'త్వరలో కాగితం పంపుతాను' అని అప్పుడే రాసేశాను కూడా. ఆలస్యం అమృతం విషం అన్నారు కదా.

నీ బాబాయ్


వినే గ్రంథాలయం, కింది గది
ఆగస్టు 19

బాబాయ్‌కి.

ఈ వారం గలగల వంతు. పద్నాలుగింటిలోనూ అదే వేశాను. నిన్న మధ్యాహ్నం మూడింటికి నెట్‌వర్క్ ఆగిపోయింది. పద్నాలుగు కంప్యూటర్లూ ఒకేసారి ఇరుక్కుపోయాయి.

ఇరుక్కున్నప్పుడు గలగల ఒక చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. ఇంతవరకు అది ఇరుక్కోలేదు.

క్. క్. క్. కి. క్. క్. కి.

కిటికీ. బీరువాలో నాకు రాని మాట. మాట పూర్తికాదు, మళ్ళీ మొదలవుతుంది. పద్నాలుగు కంప్యూటర్లు, ఒకదాని వెనక ఒకటి, కొంచెం తేడాతో. హాల్లోంచి రేడియో మెకానిక్ అరిచాడు. "ఒరేయ్, కౌంటరమ్మాయిని మింగేసిందిరా ఈ మిషను!"

నవ్వు పైకప్పు దాకా వెళ్ళింది. పెద్ద మేడమ్ తన గది గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆమెకి చూపుంది. నేను ఆమె వైపు చూస్తున్నానని ఆమెకి తెలుసు.

ఒక్కొక్క ప్లగ్గే పీకుతూ వెళ్ళాను. పద్నాలుగు ప్లగ్గులకి చాలాసేపు పడుతుంది.

చెత్తబుట్టలో పారేశానన్నారు.


మేడ మీద గది
ఆగస్టు 26

అమ్మాయికి,

అబద్ధం చెప్పాను. ఆ ముక్క ఉంచుకున్నాను.

ఎందుకో విను. తప్పు జరిగినప్పుడు అన్ని సిస్టమ్‌లూ టింగుమంటాయి. మనిషికి చిర్రెత్తుతుంది, కీబోర్డు మీద ఒక్కటి వేస్తాడు. అదే ఒక పిల్ల మాట రాక అవస్థ పడుతున్నట్టుంటే? 'పోనీలే పాపం' అనుకుంటాడు. ఆలోచించే పెట్టాను. అదీగాక ముద్దుగా ఉండేది. పదమూడేళ్ళుగా ఎక్కడెక్కడివాళ్ళో విన్నారు, ఒక్కరూ తప్పనలేదు. 'ఆ నత్తి పాప శబ్దం భలే ఉంది' అని రాసినవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ చివరి రెండు వాక్యాలూ కొట్టేయమంది మీ పిన్ని. కొట్టేయలేదు. ఇక నీ దగ్గర దాచను.

తీసేశాను. ఇప్పుడు గంట మోగుతుంది. కొత్త డిస్క్ ఈ కవరులోనే ఉంది. "ఆ పిల్ల కాళ్ళు పట్టుకో" అంటోంది మీ పిన్ని. ఉత్తరంలో కాళ్ళెలా పట్టుకుంటారో నాకు తెలియదు. పట్టుకున్నట్టే అనుకో.

నివేదిక సంగతి ఒక్క ముక్క రాయి. కాలేజీ వాళ్ళు మళ్ళీ అడిగారు.

బాబాయ్


వినే గ్రంథాలయం, కింది గది
సెప్టెంబరు 9

బాబాయ్ గారికి.

డిస్క్ అందింది. గంట బాగుంది.

నాకు ఒకటి కావాలి. ఆ రెండు వేసవుల అసలు రికార్డింగులు మీ దగ్గర ఉన్నాయి. రెండు హార్డ్ డిస్కులు, నలభై చిల్లర సీడీలు, అటక మీద అట్టపెట్టెలో. వాటిని పూర్తిగా లేకుండా చేయండి. గలగలలో మీరు అతికించిన ముక్కలు ఎలాగూ ఉన్నాయి. నడవడానికి అవి చాలు.

అసలు రికార్డింగులు లేకపోతే ఇకమీదట దానికి కొత్త మాట నేర్పలేరని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. నేను తడబడిన ప్రతిదీ ఒక పెట్టెలో ఉందని, అందులోంచి మీకు నచ్చింది తీసి వాడుకోగలరని తెలిసి ఈ కౌంటర్ వెనక కూర్చోలేకపోతున్నాను.

నివేదికకి ముప్ఫయ్యో తేదీ గడువు. పని అయ్యాక రాయండి. ఎలా చేశారో కూడా రాయండి. ఈసారి నిజం.


మేడ మీద గది
సెప్టెంబరు 21

అమ్మాయికి,

అయింది. ఎలా చేశానో రాస్తున్నాను.

ముందు మొత్తం విన్నాను. నాలుగు రోజులు పట్టింది. ఇన్నేళ్ళూ నేను విన్నది మాటల్ని మాత్రమే. మాటకీ మాటకీ మధ్య ఉన్నవి వినలేదు. 'ఇది అక్కర్లేదు' అని కత్తిరించినవి. ఈసారి అవే విన్నాను. "బాబాయ్, నీళ్ళు." "బాబాయ్, ఇంకెన్ని?" ఒకచోట చాలాసేపు ఏమీ ఉండదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు తప్ప. దాని మీద నా గొంతు, తలుపు అవతలి నుంచి, నవ్వుతూ: "ఏడిస్తే మైకు తడుస్తుందే, అది నీకంటే ఖరీదు." నాకు అలా అన్నట్టు గుర్తులేదు. కానీ అది నా గొంతే. దాన్ని ఎవరూ కత్తిరించి అతికించలేదు.

మీ పిన్ని మూడో రోజు పైకొచ్చి కూర్చుంది. ఏమీ అనలేదు. అనకపోవడం దానికి అలవాటు లేదు, నీకు తెలుసు కదా.

తర్వాత డిస్కుల్ని మేడ మీద పెట్టి సుత్తితో కొట్టాను. సీడీల్ని పిన్ని కత్తెరతో ముక్కలు చేసింది. నలభై మూడు. ఇకమీదట గలగలకి ఒక్క కొత్త మాట రాదు. ఉన్నదాంతో మీ పద్నాలుగు కంప్యూటర్లలో బతకాలి. అక్కడ బతికితే చాలు, నా తర్వాత ఎవరో ఒకరు చూసుకుంటారు.

తప్పయిపోయిందమ్మా. ఇది పిన్ని రాయమంటే రాసింది కాదు.

బాబాయ్


వినే గ్రంథాలయం, కింది గది
అక్టోబరు 6

బాబాయ్ గారికి.

నివేదిక సెప్టెంబరు రెండో తేదీనే ఇచ్చేశాను. మిమ్మల్ని రికార్డింగులు లేకుండా చేయమని అడగడానికి వారం ముందు. ముప్ఫయ్యో తేదీ గడువు అని రాశాను, అది నిజమే. ఇచ్చానో లేదో మీరు అడగలేదు.

పెద్దదాన్ని ఎంచుకోమని రాశాను. గలగల గురించి నాలుగు వాక్యాలు. దీన్ని ఒకే ఒక వ్యక్తి నడుపుతున్నారు. ఆయన వయసు అరవై మూడు. సహాయకులు లేరు. దీన్ని పంచే చోటు జనవరిలో పోవచ్చు. నాలుగూ మీరు నాకు రాసినవే. పెద్ద మేడమ్ చదివి, "చూశావా, బంధుత్వం చూడలేదు, భేష్" అన్నారు. మీరు నాకు బాబాయ్ అని ఆమెకి ముందే చెప్పాను. అది దాచలేదు.

దాచినది కూడా చెబుతాను. ముప్ఫై ఏడుగురిలో ముప్ఫై ఒక్కరు గలగల కావాలన్నారు. వాళ్ళ అభిప్రాయాలు నాకు చెబితే నేనే రాసుకున్నాను. ఆ కాగితాన్ని నివేదికకి జతచేయలేదు. వాళ్ళు చూసుకోలేరు.

గత సోమవారం పద్నాలుగింటిలోనూ పెద్దది వేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు నా దగ్గరికి రావాలి. నేను వెళ్ళి పాస్‌వర్డ్ కొడితేనే అది మాట్లాడుతుంది. ఒక్కోసారి నేను వెళ్ళేసరికి ఆలస్యమవుతుంది. వాళ్ళు తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. రేడియో మెకానిక్ ఈమధ్య నాతో చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. వేగం సగానికి పడిపోయింది. మాస్టారు రోజూ ఒక పుస్తకం వినేవారు, ఈ వారం రెండు కూడా పూర్తికాలేదు.

గలగలని మించినది ఆ మూడింటిలో లేదు. ఇది మీకు తెలియాలని రాస్తున్నాను. ఇంకెక్కడా రాయను.


మేడ మీద గది
అక్టోబరు 15

అమ్మాయికి,

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. "ఎవరి దగ్గర నేర్చుకుందో" అంది. నా దగ్గర కాదు. నాకు ఇంత ఓపిక ఎప్పుడూ లేదు. నేను గడియ వేసి తీసేవాణ్ణి.

కాలేజీ వాళ్ళు తీసేదాకా ఆగలేదు. అక్కడి నుంచి గలగలని నేనే తీసేశాను. ఇన్నాళ్ళు దింపుకున్నవాళ్ళ దగ్గర ఉంటే ఉంటుంది, నాకు తెలియదు. ఈ గదిలో ఉన్నదాన్ని కూడా చెరిపేశాను. ఇప్పుడు నా కంప్యూటర్లో కూడా పెద్దదే ఉంది. నువ్వు రాసినట్టు గులకరాళ్ళే.

నువ్వు నాకు చేసింది సబబే అనుకుంటాను. ఆ ముప్ఫై ఒక్కరూ నిన్నేం చేశారని అడగను. నవ్వారు, అంతే కదా.

ఒక్కటి చెప్పు. పాప ఏదని వాళ్ళు అడిగి ఉంటారు. ఏమన్నావు?


వినే గ్రంథాలయం, కింది గది
నవంబరు 2

బాబాయ్ గారికి.

మిగతావాళ్ళు పెద్ద మేడమ్‌ని అడిగారు. ఆమె "పైవాళ్ళ నిర్ణయం" అని చెప్పారు. ఆ మాటని ఎవరైనా ఒప్పుకుంటారు.

మాస్టారు మాత్రం నన్ను అడిగారు. రెండు వారాల కిందట, శుక్రవారం సాయంత్రం, హాలు ఖాళీ అయ్యాక. కర్ర టేబుల్‌కి ఆనించి, కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డారు. "మా పాప ఏదమ్మా? ఎక్కడికి పంపేశారు?" అన్నారు.

చచ్చిపోయింది అని చెబుదామనుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. చ్. చ్. చ్. మీకు తెలుసు కదా ఎలా ఉంటుందో. ఆయన మాట అందించలేదు. తొందరపెట్టలేదు. అంతసేపూ అలాగే నిలబడ్డారు. ఆ మాట పూర్తిచేశాను.

ఆ మాట వచ్చిన తీరు విని ఆయన మొహం మారింది. చెయ్యి కౌంటర్ మీద నుంచి నా వైపు జరిపారు, నా చెయ్యి ఎక్కడుందో తెలియక మధ్యలో ఆపేశారు.

"అది నువ్వా తల్లీ?" అన్నారు.

ఆ గొంతులో నవ్వు లేదు. జాలి కూడా లేదు. ఆగస్టులో హాలంతా నవ్వినప్పుడు ఆయన కూడా అక్కడే ఉన్నారు, అప్పుడు నవ్వారో లేదో నేను చూడలేదు. ఔనని ఉంటే ఆయన అక్కడే కూర్చుని నన్ను ఏదైనా చదివి పెట్టమనేవారు. ఎంతసేపైనా వినేవారు. అది నాకు తెలుసు.

"కాదు" అన్నాను.

ఒక్కసారికే వచ్చింది. ఎక్కడా తడబడలేదు.

ఆయన కర్ర వెతుక్కుని వెళ్ళిపోయారు. తర్వాత మళ్ళీ రాలేదు.